దూరం అడిగితే ఠక్కున చెబుతుంది, టైమ్ అడిగితేనే తంటా

రెండు ఊళ్ల పేర్లు కొడితే వాటి మధ్య విమాన దూరం ఎంత, వెళ్లడానికి ఎన్ని గంటలు పడుతుంది అని చెప్పే సైట్లు మీరూ చూసే ఉంటారు. అలాంటి ఒకదాన్ని నేను రెండేళ్లుగా వాడుతున్నాను. పేరు చెప్పను. నేను చూసిన ఈ బాపతు సైట్లు చాలావరకు లోపల చేసే లెక్క ఒకటే, ఒకదాన్ని తిట్టి మిగతావాటిని వదిలేస్తే అన్యాయం అవుతుంది. ముందే రేటింగ్ ఇచ్చేస్తా: దూరానికి ఐదుకి నాలుగున్నర, టైమ్‌కి ఒకటిన్నర. ఆ ఒకటిన్నర కూడా ఎందుకిచ్చానో కింద చెబుతాను.

అసలు గొడవ మా బావమరిది వల్ల మొదలైంది. వాడు సముద్రం అవతలి నుంచి మా దగ్గరికి వస్తూ, "బావా, ఎక్కుతున్నా, ఫోన్ ఆపేస్తున్నా" అని ఒక మెసేజ్ పెట్టి ఆపేశాడు. ఫ్లైట్ నంబర్ లేదు, దిగే టైమ్ లేదు. సరేలే అని నేను ఈ సైట్ తెరిచి రెండు ఊళ్లూ కొట్టాను. 8,800 కిలోమీటర్లు, 10 గంటల 17 నిమిషాలు అని చూపించింది. పదిహేడు నిమిషాలట! అంత కచ్చితంగా చెబుతుంటే ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది కదా. లెక్క వేసుకుని, ట్రాఫిక్ ఉంటుందేమోనని ఇంకో అరగంట ముందే బయల్దేరి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లి నిలబడ్డాను. నిలబడ్డాను, నిలబడ్డాను, చివరికి కూర్చున్నాను. విమానం గాల్లో ఉన్నదే పన్నెండు గంటలు, ఆ తర్వాత గేట్ దొరక్క కాసేపు, ఇమిగ్రేషన్, బ్యాగుల కోసం ఇంకాసేపు. దాదాపు మూడు గంటలు పోయాక వాడు బయటికొచ్చి "ఎంతసేపైంది బావా వచ్చి?" అన్నాడు. ఏం చెప్పను.

తిరిగి వెళ్లేటప్పుడు దానికి ఉల్టా. అదే సైట్, అదే పది గంటల పదిహేడు నిమిషాలు, ఈసారి కూడా మా అత్తయ్యకి ఫోన్ చేసి ఇన్నింటికి దిగుతాడు అని చెప్పాను (పాఠం నేర్చుకోని జన్మ). చలికాలం, గాలి వెనక నుంచి తోసింది, వాడు గంట ముందే దిగేసి ఎయిర్‌పోర్ట్‌లో ఎవరూ లేక తనే బండి మాట్లాడుకుని ఇంటికి చేరాడు. "అల్లుడుగారి లెక్క" అని ఆవిడ ఇప్పటికీ నవ్వుతారు.

అప్పుడు కూర్చుని ఈ సైట్ ఏం చేస్తుందో చూశాను. పేజీ అడుగున, ప్రకటనల కింద, చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. గంటకు 900 కిలోమీటర్ల వేగం, పైన ఎక్కడానికీ దిగడానికీ ఒక అరగంట. అంతే. దూరాన్ని 900తో భాగించి అరగంట కలపడం. ఇది నేను కాగితం మీద చేసుకోగలను. పదిహేడు నిమిషాలు అన్నది కొలిచిన సంగతి కాదు, భాగహారంలో మిగిలిన ముక్క. "సుమారు పది నుంచి పన్నెండు గంటలు" అని చూపించి ఉంటే నేను ఈ రివ్యూ రాసేవాణ్ణే కాదు.

అలాగని 900 తప్పుడు అంకె కాదు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350 లాంటి పెద్ద విమానాలు మాక్ 0.85 దగ్గర (ధ్వని వేగంలో 85 శాతం), అంటే ఆ ఎత్తులో గంటకు 900 కిలోమీటర్లకు అటూఇటూగానే పోతాయి. కానీ ఆ వేగం గాలితో పోల్చి చెప్పేది, నేలతో కాదు. విమానం ఈదే గాలే కదిలిపోతుంటే? తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అని ఒక గాలి నది పారుతుంటుంది, చలికాలంలో బలంగా ఉన్నప్పుడు గంటకు 300 కిలోమీటర్లు కూడా దాటుతుంది. తూర్పుకి వెళ్లేవాళ్లకి అది వెనక నుంచి తోపు, పడమరకి వెళ్లేవాళ్లకి ఎదురు గాలి. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలుల మీద బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వెళ్లిపోయింది. మామూలుగా అది ఆరున్నర, ఏడు గంటల దారి. అదే లండన్ నుంచి న్యూయార్క్‌కి అయితే టికెట్ మీద ఎనిమిది గంటల చిల్లర ఉంటుంది. మన సైట్ మాత్రం అటూ ఇటూ రెండువైపులా 6 గంటల 40 నిమిషాలే అంటుంది. ఊళ్ల పేర్లు తిరగేసి కొట్టి చూడండి, నిమిషం కూడా మారదు. ఐదు స్టార్లలో నేనిచ్చిన ఒకటిన్నర పోను మిగతావి పోయింది ముఖ్యంగా ఇక్కడే.

ఇక్కడ ఒక మాట. తూర్పుకి తొందరగా వెళ్లడానికి కారణం భూమి తిరగడం అని, విమానం కింద భూమి జరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు, భూమితో పాటు గాలీ తిరుగుతుంది, మనమూ తిరుగుతున్నాం. నిజంగా కింద భూమి జరిగిపోయేదే అయితే లాభం పడమరకి వెళ్లేవాళ్లకి రావాలి, తూర్పుకి వెళ్లేవాళ్లకి కాదు. ఆ గాలులు అలా వంగి వీచడంలో భూభ్రమణం చెయ్యి ఉన్నమాట నిజమే కానీ విమానాన్ని తోసేది గాలి.

ఇప్పుడు దూరం సంగతి. ఇందులో సైట్‌ని మెచ్చుకోవాలి. కొంతమంది కామెంట్లలో "మ్యాప్‌లో గీత ఎందుకు వంకరగా ఉంది, తిన్నగా వెళ్లొచ్చుగా, తప్పు చూపిస్తున్నారు" అని తిడుతున్నారు, అది సైట్ తప్పు కాదు బాబూ. వంకరగా ఉన్నది మ్యాప్. గుండ్రటి భూమిని పలక మీద పరిచాం కాబట్టి తిన్నటి దారి వంగినట్టు కనిపిస్తుంది. ఇంట్లో గ్లోబ్ ఉంటే ఒక దారం తీసుకుని ఢిల్లీ మీద ఒక కొస, శాన్ ఫ్రాన్సిస్కో మీద ఇంకో కొస పెట్టి బిగించి లాగండి. దారం పసిఫిక్ వైపో అట్లాంటిక్ వైపో పోదు, ఉత్తర ధ్రువం వైపు ఎక్కిపోతుంది. అదే అన్నిటికన్నా దగ్గర దారి, సైట్ గీసేదీ అదే.

రెండు సైట్లలో రెండు అంకెలు వస్తున్నాయి, ఏది నిజం అని ఒక ఫ్రెండ్ నాతో పందెం కాశాడు. లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి ఒకటి 5,540 అంటుంది, ఇంకోటి 5,555 దరిదాపుల్లో చూపిస్తుంది. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. మొదటిది భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్థం ఉన్న నిఖార్సైన బంతి అనుకుని లెక్క కట్టింది. రెండోది భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుందని, అంటే భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6,378, ధ్రువాల దగ్గర 6,357 అని గుర్తుపెట్టుకుని లెక్క కట్టింది. తేడా అర శాతం లోపే. నేను వాడే సైట్ రెండో రకం, అందుకే నాలుగున్నర. పందెం ఎవరూ గెలవలేదు.

ఆ మిగిలిన అర స్టార్ ఎందుకు కోశానంటే, ఊరి పేరు కొట్టగానే ఏదో ఒకటి తనే ఎంచేసుకుంటుంది. లండన్ నుంచి సిడ్నీ అని కొడితే నాలుగు వేల చిల్లర కిలోమీటర్లు వచ్చింది. ఆస్ట్రేలియా ఇంత దగ్గరికి ఎప్పుడు జరిగిందా అని చూస్తే అది కెనడాలో నోవా స్కోషియాలో ఉన్న సిడ్నీ! నవ్వకండి, 2017లో నెదర్లాండ్స్ నుంచి ఒక కుర్రాడు ఆస్ట్రేలియా వెళ్దామని టికెట్ కొనుక్కుని నిజంగానే ఆ కెనడా సిడ్నీలో దిగాడు, వార్తల్లో వచ్చింది. శాన్ హోసే కోస్టారికాలోనూ ఉంది, కాలిఫోర్నియాలోనూ ఉంది. బర్మింగ్‌హామ్ ఇంగ్లండ్‌లోనూ ఉంది, అలబామాలోనూ ఉంది. అందుకని ఊరి పేరు కాకుండా ఎయిర్‌పోర్ట్ మూడక్షరాల కోడ్ కొట్టండి, గొడవుండదు. ఇంకోటి, ఊరి పేరు కొడితే అది ఊరి నడిబొడ్డు నుంచి కొలుస్తుంది. టోక్యో నరిటా లాంటివి ఊరికి అరవై కిలోమీటర్ల అవతల ఉంటాయి. వేల కిలోమీటర్లలో అది లెక్కలోకి రాదు కానీ దిగాక మీ కాళ్లకి వస్తుంది.

మైళ్ల గొడవ కూడా ఒకటుంది, త్వరగా చెప్పేస్తా. సైట్ మూడు అంకెలు చూపిస్తుంది: కిలోమీటర్లు, మైళ్లు, నాటికల్ మైళ్లు. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు 1.852. పైలట్లు మాట్లాడేది రెండోది. మూడూ పక్కపక్కన ఒకే సైజులో పెట్టడంతో కళ్లు తప్పుతాయి, చూసి చదువుకోండి.

నాకు ఈ సైట్ నిజంగా పనికొచ్చింది ఎక్కడంటే, మధ్యలో ఎక్కడ ఆగితే దారి ఎంత పెరుగుతుందో చూసుకోవడానికి. ఇది చాలామంది వాడరు, వాడాలి. లండన్ నుంచి ఆస్ట్రేలియా సిడ్నీకి తిన్నగా 17,000 కిలోమీటర్ల పైన. సింగపూర్‌లో ఆగితే 10,880, ఆపైన 6,300, కలిపితే 17,200 లోపే. అంటే సింగపూర్ దాదాపు దారిలోనే ఉంది, ఆగినందుకు దూరం పరంగా నష్టం ఒక్క శాతం. దుబాయ్ మీదుగా అయితే 5,500, 12,040, మొత్తం పదిహేడున్నర వేలు, ఇది కూడా ఫర్వాలేదు. అదే లాస్ ఏంజెలెస్ మీదుగా అయితే 20,800 దాటిపోతుంది, టికెట్ ఎంత చవగ్గా ఉన్నా నాలుగు గంటలు ఊరికే గాల్లో అదనంగా కూర్చోవడం. టికెట్ల సైట్లు ఈ తేడా ఇలా విడదీసి చూపించవు, ఈ సైట్ రెండు సెకన్లలో చూపిస్తుంది. దీనికోసమే బుక్‌మార్క్ తీసెయ్యలేదు.

కానీ ఈ లెక్క కూడా ఎక్కడిదాకా అంటే, విమానం ఆ గీత మీదే వెళ్తుందనుకున్నంతవరకు. వెళ్లదు. చాలా కారణాలుంటాయి. అన్నిటికన్నా పెద్దది ఎవరి ఆకాశం ఎవరికి మూసేశారు అన్నది. హెల్సింకీ నుంచి టోక్యోకి 7,800 కిలోమీటర్లు, సైట్ 9 గంటల 10 నిమిషాలు చెబుతుంది, 2022కి ముందు ఇది ఇంచుమించు నిజమే, తొమ్మిదిన్నర గంటల్లో వెళ్లేవి. 2022లో రష్యా ఆకాశం మూతపడ్డాక ఫిన్లండ్ సంస్థ ఫిన్నెయిర్ విమానాలు ఉత్తర ధ్రువం మీదుగానో లేక దక్షిణంగా చుట్టుకునో వెళ్లాల్సి వచ్చి పదమూడు గంటలైంది. ఊళ్లు కదల్లేదు, దూరం మారలేదు, టైమ్ మాత్రం మూడున్నర గంటలు పెరిగింది. సైట్‌కి ఈ సంగతి తెలీదు, ఇంకా తొమ్మిదింటి దగ్గరే ఉంది.

దీనికి ఉల్టా ఉదాహరణ ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి ఎయిర్ ఇండియా మొదట అట్లాంటిక్ వైపు నుంచి వెళ్లేది. 2016 అక్టోబర్‌లో పసిఫిక్ వైపు నుంచి తూర్పుగా తీసుకెళ్లారు. దూరం 15,300 కిలోమీటర్లు, అంటే పాత దారి కన్నా దాదాపు 1,400 కిలోమీటర్లు ఎక్కువ, అయినా పద్నాలుగున్నర గంటల్లో, మునుపటి కన్నా తొందరగా దిగింది, వెనక నుంచి గాలి తోసింది కాబట్టి. ఎక్కువ దూరం, తక్కువ టైమ్! మన సైట్ అయితే తిన్నగా 12,400 కిలోమీటర్లు అని లెక్కేసి 14 గంటల 17 నిమిషాలు అంటుంది. దగ్గరగానే ఉందే అంటారా? గుడ్డెద్దు చేలో పడ్డట్టు తగిలింది అంతే. అది అనుకున్న దారి వేరు, విమానం వెళ్లిన దారి వేరు, మధ్యలో మూడు వేల కిలోమీటర్ల తేడా.

నీళ్ల మీద ఇంకో రూల్ ఉంటుంది, ఈటాప్స్ అంటారు. రెండు ఇంజన్ల విమానం ఒక ఇంజన్ ఆగిపోయినా ఇన్ని నిమిషాల్లో దిగడానికి ఒక ఎయిర్‌పోర్ట్ ఉండాలి అని, 180 నిమిషాలు, 330 నిమిషాలు అలా, విమానాన్ని బట్టి. సిడ్నీ నుంచి చిలీలోని శాంటియాగోకి సైట్‌లో గీత చూడండి, అంటార్కిటికా వైపు దిగిపోతుంది. అక్కడ దిగడానికి ఎవరున్నారు. విమానాలు అవసరాన్ని బట్టి కాస్త పైకి జరిగి వెళ్తాయి. హిమాలయాలకి అవతల టిబెట్ పీఠభూమి మీదుగా కూడా వీలైనంతవరకు వెళ్లరు, క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోతే విమానం మూడు వేల మీటర్ల ఎత్తుకి దిగాలి, అక్కడ నేలే అంతకన్నా ఎత్తులో ఉంటుంది.

సరదాకి ఒక పరీక్ష పెట్టాను. స్కాట్లండ్ ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి రోజువారీ విమాన ప్రయాణాల్లోకెల్లా చిన్నది నడుస్తుంది, 2.7 కిలోమీటర్లు, గాలి బాగుంటే నిమిషం, రెండు నిమిషాల్లో దిగిపోతారు. సైట్ చెప్పిన టైమ్: 30 నిమిషాలు. ఆ అరగంట కలుపుడు ఉందిగా! నడిచినా ఇంచుమించు అంతే పడుతుంది, నీళ్లు లేకపోతే.

ఇటు చివర కూడా చూశాను. టోక్యో నుంచి బ్యూనస్ ఐరిస్, 18,300 కిలోమీటర్ల పైచిలుకు. భూమ్మీద ఏ రెండు ఊళ్ల మధ్య అయినా ఉండగలిగే అతి ఎక్కువ దూరమే ఇరవై వేల కిలోమీటర్లు కాబట్టి ఇది ఇంచుమించు అవతలి చివర. సైట్ దాదాపు 21 గంటలు అంది. అంతదూరం ఆగకుండా రోజూ తిరిగే ప్రయాణికుల విమానం లేదు. సింగపూర్ నుంచి న్యూయార్క్ వెళ్లేదే 15,300 కిలోమీటర్లు, పద్దెనిమిది గంటల పైన, దానికే సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఎ350లో ప్రత్యేకంగా ఎక్కువ ఇంధనం పట్టే రకం తెప్పించుకుంది. కాబట్టి టోక్యో వాళ్లు ఎక్కడో ఒకచోట దిగి, మళ్లీ చెకింగ్ చేయించుకుని, గంటలకి గంటలు కూర్చుని ఇంకోటి ఎక్కాలి, ఒక రోజు దాటిపోతుంది. కనీసం "ఈ దారిలో నేరు విమానం లేదు" అని ఒక ముక్క రాయొచ్చు కదా సైట్‌లో. రాయరు. ఇరవై ఒకటి అని బల్లగుద్ది చెబుతారు.

ఇక అక్కడి లోకల్ టైమ్ ప్రకారం ఎన్నింటికి దిగుతామో చెప్పే పెట్టె ఒకటి కింద ఉంటుంది, దాని జోలికి పోకండి. లండన్‌కీ సిడ్నీకీ టైమ్ తేడా ఎంత అంటే ఒక్క జవాబు లేదు. ఒకసారి 9 గంటలు, ఒకసారి 11, మధ్యలో కొన్నాళ్లు 10. ఇద్దరూ ఎండాకాలంలో గడియారం ముందుకు తిప్పుతారు, కానీ ఒకరికి ఎండాకాలం అయితే ఇంకొకరికి చలికాలం. ఈ పెట్టె ఏడాది పొడుగునా పది అనే అంటుంది. పసిఫిక్ మధ్యలో తేదీ మారే తారీఖు రేఖ దాటితే ఇంకా కంగారు. జులైలో ఆక్లాండ్‌లో మంగళవారం సాయంత్రం ఏడున్నరకి ఎక్కితే పన్నెండు గంటలు ఎగిరి లాస్ ఏంజెలెస్‌లో అదే మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి దిగుతారు, ఎక్కిన దానికన్నా ఏడు గంటల ముందు. ఇది నిజమే, కానీ సైట్ దాన్ని "మరుసటి రోజు" అని చూపించింది. వెనక్కి వచ్చేటప్పుడు సోమవారం రాత్రి పదింటికి ఎక్కితే బుధవారం తెల్లవారి దిగుతారు, మంగళవారం మీ జీవితంలోంచి ఎగిరిపోతుంది. హోటల్ బుక్ చేసుకునేవాళ్లు ఈ పెట్టె చూసి చేసుకుంటే తెల్లారేదాకా లాబీలో సోఫాయే గతి.

యాప్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు, సైట్‌నే ఫోన్‌లో పెట్టినట్టుంది. "లెక్కించు" బటన్ మీదికి ప్రకటన వచ్చి కూర్చుంటుంది, మూడుసార్లు వేరే పేజీకి వెళ్లిపోయాను.

టైమ్ కోసం నేనిప్పుడు ఏం చేస్తున్నానంటే, ఎయిర్‌లైన్ టైమ్‌టేబుల్‌లో అటు వెళ్లే విమానం, ఇటు వచ్చే విమానం రెండూ చూస్తాను. అందులో ఉండేది గేట్ నుంచి గేట్ దాకా టైమ్, రన్‌వే దాకా పాకడం కూడా కలిపి, కాస్త ఆలస్యమైనా సరిపోయేలా కొంచెం ఎక్కువే వేసుకుంటారు. ఆ తర్వాత విమానాలు ఎక్కడున్నాయో చూపించే ట్రాకింగ్ సైట్‌లో అదే నంబర్ ఫ్లైట్ పోయిన వారం రోజుల్లో నిజంగా ఎంతసేపు ఎగిరిందో చూస్తాను. ఏడు రోజుల్లో నలభై నిమిషాల తేడా మామూలుగా కనిపిస్తుంది. దాని మీద ఇమిగ్రేషన్‌కీ బ్యాగులకీ గంట వేసుకుంటే నేను నిలబడాల్సిన పని ఉండదు. ఒకటిన్నరలో ఆ ఒక్క స్టార్ ఎందుకంటే, ఎక్కడికో వెళ్లాలని ఊరికే కలలు కనేటప్పుడు రోజులో సగమా, రోజంతానా అన్నంతవరకు అయితే ఈ సైట్ చెప్పేది చాలు. అర స్టార్ ఆ లెక్క ఎలా వేశారో దాచకుండా అడుగున రాసినందుకు.

నిన్న మా బావమరిది మళ్లీ మెసేజ్ పెట్టాడు, ఎక్కుతున్నా బావా అని. ఫ్లైట్ నంబర్ పంపరా అని వెంటనే కొట్టాను. ఒక్క టిక్కే పడింది. అప్పటికే ఫోన్ ఆపేశాడు.